రైజెన్ 5 3600 ఓవర్‌క్లాకింగ్: ఐదేళ్ల వాడకం తర్వాత

2020లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డుతో సిస్టమ్ కట్టించాను. విజయవాడలో ఏసీ లేని గది, పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. "ఓవర్‌క్లాక్ చేయమంటావా అన్నా?" అని, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువలో నడపమంటావా అని, అడిగే తమ్ముళ్ల కోసం ఇది.

3200 స్పీడు ర్యామ్ కొని కూడా ఆరు నెలలు 2400లోనే వాడాను. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే ర్యామ్ డబ్బా మీది స్పీడు వస్తుందని తెలియదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర చూడండి, మీదీ అలాగే ఉండొచ్చు. ఇదీ ఓవర్‌క్లాకింగే, కొత్తవాళ్లకు నేను ధైర్యంగా చెప్పేది ఇదొక్కటే.

ఆ ఊపులో ప్రాసెసర్ మీద పడ్డాను. దానిలోని ఆరు కోర్లనూ 4.1 గిగాహెర్ట్జ్ స్పీడు దగ్గర కదలకుండా బిగించాను. ఇరవై నిమిషాల ఎక్స్‌పోర్ట్‌లో ఒక నిమిషం కూడా మిగల్లేదు. ఈ చిప్ దాని మానాన అది లోడును బట్టి స్పీడు పెంచుకుంటుంది, తేలిక పనుల్లో 4.2 దాకా పోతుంది. నేను బిగించాక అదీ పోయింది!

అసలు దెబ్బ మే నెలలో తగిలింది. డిసెంబరులో ప్రాసెసర్‌కి పూర్తి లోడు పెట్టే సినీబెంచ్ టెస్టు పది నిమిషాలు నడిపి, 80 డిగ్రీలు దాటలేదని మురిసిపోయాను. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్‌లోనూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయని అప్పుడు తట్టలేదు. ఎండాకాలం ఎక్స్‌పోర్ట్ మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి సిస్టమ్ ఆగిపోయింది. వోల్టేజ్ పెంచితే నిలబడుతుందనుకున్నాను, వేడి ఇంకా పెరిగింది. మా పిన్ని కూతురి పెళ్లి ప్రాజెక్ట్ ఫైలు పాడై రెండు రాత్రులు జాగారం. తప్పు నాదే, టెస్టింగ్ మండుటెండలో, గంటల తరబడి చేయాల్సింది.

ర్యామ్‌ని 3600కి నెట్టిన రోజు స్క్రీనే రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. ప్లగ్ తీసేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కాసేపు బయట పెడితే బయోస్ మొదటికొచ్చింది. ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేసుకోవాలి, అంతే.

పేరు చివర కె అక్షరం లేని ఇంటెల్ చిప్, లేదా ఏ320 బోర్డు ఉన్నవాళ్లకు మామూలుగా ఈ గొడవే ఉండదు, స్పీడు పెంచే మల్టిప్లయర్ సెట్టింగ్‌ని చిప్‌లోనో బోర్డులోనో లాక్ చేసి ఉంటారు. మిగతావాళ్లు గుర్తుంచుకోండి, ఓవర్‌క్లాకింగ్‌తో చిప్ పోతే వారంటీ రాదు.

మూడేళ్లుగా ప్రాసెసర్ డిఫాల్ట్‌లోనే ఉంది. డబ్బాలో వచ్చిన చిన్న కూలర్ తీసేసి టవర్ కూలర్ వేయించాను. ఫ్యాన్ రొద తగ్గి, ఇప్పుడు మే నెలలో కూడా సన్నాయి సరిగ్గా వినిపిస్తోంది.