ఛానల్ ఐడీలో మనుషులు ఉండాలా? ఉంటే ఎవరు?

యాడ్లు అయిపోయి సీరియల్ మొదలయ్యేలోపు ఛానల్ తన పేరు తాను చెప్పుకునే ఐదు సెకన్ల ముక్కను మన ప్రోమో విభాగాల్లో ఐడీ అంటారు, బ్రిటన్‌లో ఐడెంట్ అంటారు. అందులో తిరిగే లోగో ఒక్కటే చాలా, డాన్సర్లను పెట్టాలా, సొంత సీరియళ్ల తారలనా, వీధిలో మామూలు జనాన్నా? ఛానల్ ముస్తాబు మార్చిన ప్రతిసారీ ఈ తగువు కొత్తగా మొదలవుతుంది. ఏడాది పొడుగునా తిరగాల్సిన ఐడీకి ఊరూపేరూ తెలియని, బాగా తర్ఫీదైన కళాకారులే మేలు. కాకపోతే ఒక షరతు ఉంది. అదేమిటో బ్రిటన్ ఛానల్ బీబీసీ వన్ కథలోనే కనబడుతుంది.

1963 నుంచి ఆ ఛానల్ గుర్తు ఏదో ఒక రూపంలో భూగోళమే. 1997 నుంచి అది ఎర్రటి గోళపు బెలూనై బ్రిటన్ ఊళ్ల మీదుగా తేలుతూ పోయేది. 2002 మార్చి 29న గోళాన్ని పూర్తిగా పక్కన పెట్టి నాట్యం తెచ్చారు. బ్యాలే, ట్యాప్, న్యూజిలాండ్ మావోరీల యుద్ధనృత్యం హాకా, ఇళ్ల కప్పుల మీద కాపోయెరా అనే బ్రెజిల్ పోరు నాట్యం, బాలీవుడ్ తరహా డాన్సు, చక్రాల కుర్చీల్లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల విన్యాసం. ఆ ముగ్గురు ఆటగాళ్లలో అడే అడెపిటాన్ ఒకరు. అన్నింటినీ కలిపి కుట్టిన దారం ఎరుపు రంగు. మర్నాడు, మార్చి 30న, బ్రిటన్ రాణి ఎలిజబెత్ తల్లి, రాజమాత మరణించారు. దేశం సంతాపంలో ఉన్న సాయంత్రం వార్తల ముందు ఎగిరి గంతులేసే క్లిప్ వేయలేం కదా. బెలూన్‌కి ఆ ఇబ్బంది లేదు. దాన్ని నెమ్మదిగా తేలనిస్తే పెళ్లికీ సరిపోతుంది, చావుకీ సరిపోతుంది. మనిషి ఒంట్లో మాత్రం ఏదో ఒక భావం ఉండి తీరుతుంది. బలం అదే, చిక్కూ అదే. నాట్యం వరస 2006 అక్టోబరు 7న వలయాల వరస వచ్చేదాకా నడిచింది. ఛానల్ అంటే మనుషులు అనిపించిన వరస అది. అన్ని జాతులనూ చూపాలన్న తాపత్రయం ఎక్కువైందని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు.

తారలతో పోలిస్తే డాన్సర్లు ఎందుకు నిలుస్తారో లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు రెండుసార్లు వేస్తే రోజుకు 48, నెలకు 1,440. కెమెరా కేసి చూసి కన్ను గీటే హీరోయిన్ పదోసారికి ముద్దొస్తుంది, వందోసారికి విసుగొస్తుంది. పమిట గాలికి లేచి పడటాన్ని వందసార్లు చూసినా కన్ను అభ్యంతరం చెప్పదు. ముఖం దగ్గరగా ఉన్న షాటు త్వరగా పాతబడుతుంది, నిలువెత్తు కదలిక ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంకో లాభం భాషది. నాలుగు భాషల్లో ఛానళ్లున్న నెట్‌వర్కుకి డాన్సు ఐడీ ఒక్కసారి తీస్తే చాలు, చివర లోగో మారుస్తారు. తార నోరు విప్పి ఛానల్ పేరు చెప్పిందంటే మాత్రం భాషకొక టేకు.

ఇక డాన్సు పెట్టి చెడగొట్టుకునేది ఎక్కువగా నిడివి దగ్గరే. పాట ముందు చేయించుకుని, నచ్చిన స్టెప్పులు వేయించుకుని, ఎడిటింగులో ఐదు సెకన్లకు కత్తిరిస్తే అడుగు గాల్లో ఉండగా లోగో పడుతుంది. లెక్క తిప్పి మొదలుపెట్టాలి. మన ప్రసారం సెకనుకు 25 ఫ్రేములు, ఐదు సెకన్లంటే 125. సంగీతాన్ని నిమిషానికి 96 బీట్ల వేగంలో కట్టిస్తే ఐదు సెకన్లకు సరిగ్గా ఎనిమిది బీట్లు. డాన్సు మాస్టర్ లెక్క ఎనిమిదులే, ఆదితాళం ఒక ఆవర్తనమూ ఎనిమిది అక్షరాలే. పది సెకన్ల రూపానికి రెండు ఎనిమిదులు, పదిహేనుకు మూడు. అంటే ఒకే నాట్యాన్ని మూడు నిడివుల్లోనూ అడుగు తెగకుండా వాడుకోవచ్చు. 120 బీట్లయితే ఐదు సెకన్లకు పది వస్తాయి, మాస్టర్ ఎనిమిదికి ముగించి మిగతా రెండింటికీ ఏం చేయాలో తోచక నవ్వుతూ నిలబెడతాడు. తెర మీద ఆ రెండు బీట్లూ పాసిపోయినట్టు కనబడతాయి.

ఆ ఎనిమిదిని కూడా పంచుకోవాలి. మొదటి రెండు బీట్లలో కన్ను ఆగే కదలిక, మధ్య నాలుగింటిలో ఒకే తీరున సాగే నాట్యం, చివరి రెండింటిలో లోగో నిలిచేందుకు స్థిరమైన భంగిమ. బ్రిటన్ పద్ధతిలో అనౌన్సర్ గొంతు మధ్యభాగం మీదే పడుతుంది, కాబట్టి అక్కడ పెద్ద గెంతు పెట్టకూడదు. పెడితే మాట వినబడదు, కళ్లు చెవుల్ని మింగేస్తాయి. మన ఛానళ్లలో చాలావరకు ప్రత్యక్ష అనౌన్సర్ లేడు గనుక ఆ జాగా ‘తర్వాత ఏమిటి’ పట్టీకి పోతుంది.

ఆ పట్టీతోనే పేచీ. కూచిపూడి అయినా, పేరిణి అయినా అందం పాదాల దగ్గర ఉంటుంది, పట్టీ పడేదీ సరిగ్గా అక్కడే. ఫ్రేము కింది ఐదో వంతు ఖాళీగా ఉంచి పాదాలు దానికి పైన ఉండేలా కెమెరా వెనక్కి జరపాలి. అక్షరాలకు నాలుగు వైపులా 5 శాతం వదలాలన్నది యూరప్ ప్రసార సంఘం ప్రమాణం, అంటే 1920 బై 1080లో పక్కలకు 96 పిక్సెళ్లు, పైనా కిందా 54. మూల లోగో ఐడీ నడుస్తున్నప్పుడు తీసేయమని ప్లేఅవుట్ వాళ్లకు, అంటే ప్రసారం నడిపేవాళ్లకు, రాసి ఇవ్వకపోతే తెర మీద రెండు లోగోలు కనబడతాయి.

స్లో మోషన్ అందరికీ మోజు. సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25లో ఆడిస్తే కదలిక సగం వేగానికి వస్తుంది. అది తాళానికి కలవాలంటే సెట్లో పాటను రెట్టింపు వేగంలో, 96కు బదులు 192లో వేయాలి. ఆ వేగంలో నర్తకి అడుగు వేయగలదు, అభినయం చేయలేదు. అందుకే తాళం కలవాల్సిన అడుగులు మామూలు వేగంలో, గెంతు, పమిట, జడ విసురు మాత్రం స్లోలో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 సుఖం. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీల కింద 120 పెడితే గోడ మీద వెలుగు దడదడలాడుతుంది. ఎడిటింగులో దాన్ని తీయడం నరకం.

బట్టల సంగతి. ఛానల్ రంగు ఎరుపైతే కళ్లు చెదిరే ఎరుపు చీర కట్టిస్తారు, తెర మీద కుచ్చిళ్లన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్ద అవుతుంది. ఒక ఛాయ దించి కుంకుమ ఎరుపో, మెరూనో కట్టిస్తే మడతలు కనబడతాయి, కావలసిన ఎరుపు గ్రేడింగులో, అంటే తర్వాత రంగులు దిద్దేటప్పుడు, తెచ్చుకోవచ్చు. సన్న గళ్లు, దగ్గర దగ్గర జరీ గీతలు మినుకుమంటాయి. వెడల్పు అంచుతో గొడవ లేదు. నల్లటి మెరుపు ఫ్లోరు ఫోటోలో బాగుంటుంది గానీ రెండో టేకుకే పాదాల తడి ముద్రలు పడతాయి, తుడవడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. వట్టి సిమెంటు నేల మీద ఎగిరించవద్దు, ప్లైవుడ్ పరిచి పైన మ్యాట్ వేయాలి. అయినా ఆరేడు టేకులు దాటాక గెంతు ఎత్తు తగ్గుతుంది. కాబట్టి గెంతులన్నీ పొద్దున్నే. గజ్జెల చప్పుడు పాట ఆపేసి, వట్టి అడుగులతో విడిగా రికార్డు చేసుకోవాలి. లేదంటే మైకులో పాటా గజ్జెలూ కలిసి దేనికీ పనికిరావు.

తారల ఐడీ పండక్కి మేలు. సంక్రాంతి ముగ్గు ముందు సీరియల్ కోడళ్లందరూ కనబడితే ఇంట్లోవాళ్లు పేరుపేరునా గుర్తుపడతారు, ఆ వారం రోజులకు దాన్ని కొట్టేది లేదు. కానీ ఎనిమిది మందిని ఒకే ఫ్రేములో నిలబెట్టారంటే ఒక్కరు సీరియల్ వదిలినా, ఎదుటి ఛానల్‌కు వెళ్లినా క్లిప్ మొత్తం మూలకు పోతుంది. డిస్నీ ఛానల్ పద్ధతి తెలివైంది. ఒక్కొక్క నటుడు విడిగా కెమెరా ముందు నిలబడి మెరిసే కర్రతో మిక్కీ చెవుల ఆకారం గీస్తాడు, వెలుగు గీత తర్వాత చేర్చేది. షో ఆగిపోతే ఆ ఒక్కరి ముక్క తీసేస్తారు, మిగతావి నడుస్తాయి.

మామూలు జనం? 2017లో బీబీసీ వన్ ఫోటోగ్రాఫర్ మార్టిన్ పార్‌ను పెట్టుకుని ఈత సంఘాలు, వ్యాయామ బృందాలు ఇలా నిజమైన గుంపులను చూపింది. ఆత్మీయంగా ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మనుషులు గుంపుగా నిలబడితేనే ఇబ్బందిగా తోచింది, ఇళ్లలో ఉన్నవాళ్లను చూపే ముక్కలు వేసుకోవాల్సి వచ్చింది. పైగా శిక్షణ లేనివాళ్లు ఎనిమిదో బీటుకు ఆగరు, కెమెరాను చూస్తారు. తాళంతో పని లేని, పదిహేను సెకన్లు నింపాదిగా నడిచే షాటుకైతే వాళ్లే ఎక్కువ నమ్మకంగా కనబడతారు.

మనిషి అసలు లేనిదాని ఆయుష్షుకు దూరదర్శన్‌ను మించిన సాక్ష్యం లేదు. డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో పుట్టిన ఆ కన్నుగుర్తు ఒక తరం వాళ్లకు కళ్లలోనే ఉంది, పండిత్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌ల బాణీ పక్క గదిలోంచి వినబడినా చాలు, గుర్తుపడతారు. వార్తా ఛానల్ అయితే మారు ఆలోచన లేకుండా ఇదే. దుర్వార్త ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

కాగితాల పని అందరూ చివరికి నెడతారు. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల నిర్వచనంలో నర్తకులూ, గారడీవాళ్లూ, పాములవాళ్లు కూడా ఉన్నారు. కూర్చిన నాట్యం విడిగా ఒక కృతి, కనుక మాస్టర్ దగ్గరా హక్కులు రాయించుకోవాలి. 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ప్రసారమయ్యే తెలుగు ఛానల్‌కు ఈ రెండో ముక్క పెద్ద గొయ్యి.

షరతు అన్నాం కదా, అది ఇదే: సంతాప దినాలకు మనుషులు లేని రూపం ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి. ఆఖరి టేకు ఓకే అయ్యాక డాన్సర్లు గజ్జెలు విప్పుకుంటుండగా లైట్లు ఆర్పనివ్వొద్దు. కెమెరా కదల్చకుండా అదే ఫ్రేములో, అదే వెలుగులో ఖాళీ సెట్టు ముప్ఫై సెకన్లు, ఆపై గాలికి ఊగే ఎర్ర వస్త్రం ఒక్కటే ఇంకో ముప్ఫై. సంగీతం వాళ్లను అదే బాణీ వట్టి వీణ మీదనో, తంబూరా శ్రుతి మీదనో ఒకటి అడగాలి. ఆ ఫైలుకు విడి పేరు పెట్టి ప్లేఅవుట్ సర్వర్లో మొదటి రోజే ఎక్కించాలి.