గానుగ రీల్స్ అతని "కణాల ఆరోగ్యం" కాంబో కొనేవాళ్ళు కాస్త ఆగండి

పేరు రాయను, మీకు ఎలాగూ అర్థమవుతుంది. పొద్దున్నే ఎద్దుతో చెక్క గానుగ తిప్పిస్తూ "మీ కణాలకు కొత్త ప్రాణం" అంటాడే, అతనే. అవిసె నూనె సీసా, యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ డబ్బా కలిపి 1,850 రూపాయలు. నాన్న కోసం తెప్పించాను. డబ్బులు ముందే కట్టాలన్నాడు, కట్టేశాను, అంత తెలివి నాది.

మూత తీయగానే పెయింట్ డబ్బా తెరిచినట్టు గుప్పుమంది. అన్నంలో చెంచాడు వేసుకుంటే నాలుక మీద కనరు, గొంతులో మంట. లేబుల్ మీద తేదీ స్టిక్కర్ కొంచెం వంకరగా ఉందని గోరుతో గీకితే కింద ఇంకో తేదీ, ఏడాది కిందటిది! ఫొటో తీసి పంపి, ఫోన్ చేశాను.

"మేడమ్, రిఫైన్డ్ నూనెకి అలవాటు పడ్డ ముక్కులు మీవి. అసలు సరుకు వాసన ఇలాగే ఉంటుంది." మరి తేదీ సంగతేంటి అంటే, "మీరు తింటారా, తేదీలు చదువుతూ కూర్చుంటారా?" అని పక్కనున్న వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. తర్వాత బ్లాక్ చేశాడు.

ఒళ్ళు మండేది ఎక్కడంటే, కణాల పొర కొవ్వులతోనే కట్టి ఉంటుందని, అక్కడ ఒక కొవ్వు ఆక్సిడైజ్ అయితే, అంటే ఆక్సిజన్‌తో కలిసి పాడైతే, అది పక్కదానికి, దాని పక్కదానికి అంటుకుంటూ పోతుందని, ఆ గొలుసును తెంచేది విటమిన్ ఈ అని, అలా ఖర్చయిన విటమిన్ ఈని మళ్ళీ పనికొచ్చేలా చేసేది విటమిన్ సి అని చెప్పింది ఈయనే. అదంతా నిజమే. అవిసె నూనెలో సగం పైగా ఒమేగా-3 అనే కొవ్వు ఉంటుంది, అది గాలికీ వెలుతురుకీ వేడికీ ఇట్టే పాడవుతుంది, ముదురు రంగు సీసాలో చల్లగా ఉంచాలి. ఈ మహానుభావుడు లోపలిది కనిపించే ప్లాస్టిక్ సీసాల్లో పోసి, ఎండలో వరసగా పేర్చి రీల్ తీస్తాడు. ఆక్సిడైజ్ కాకుండా కాపాడతానంటూ అమ్మేది ఆక్సిడైజ్ అయిపోయిన సరుకు!

క్యాప్సూల్స్ సంగతి ఇంకా ఘోరం. నాన్న బీడీలు తాగుతారు, రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు, పర్లేదా అని కొనేముందే అడిగాను. "అలాంటివాళ్ళకే ఇది ఇంకా అవసరం, విటమిన్లే కదమ్మా" అన్నాడు. డబ్బా వెనక చూస్తే బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) 20 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు. డాక్టర్ గారు చూసి డబ్బా పక్కన పెట్టేశారు. ఫిన్లాండ్‌లో 29 వేలకు పైగా పొగతాగే మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో, రోజూ సరిగ్గా అంతే బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనిపించిందట, 1994లోనే బయటపెట్టారు. విటమిన్ ఈ అంత మోతాదులో రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం భయం ఉంటుందట. క్యారెట్, పాలకూర, గుప్పెడు పల్లీలు పెట్టమ్మా చాలు అన్నారు.

క్యాప్సూల్స్ సీలు కూడా తీయలేదు, అయినా వెనక్కి తీసుకోడట.

కొనాలనే ఉంటే చిన్న సీసా కొనండి, తేదీ స్టిక్కర్ గీకి చూడండి, ఇంట్లో మందులు వాడేవాళ్ళుంటే ముందు డాక్టర్‌ని అడగండి. నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను. మీలో ఇంకెవరికైనా ఆ డబుల్ స్టిక్కర్ సీసా వచ్చుంటే పారేయకండి, ఫొటో తీసి మీరూ ఫిర్యాదు పెట్టండి.