వెండి తీగ నగల కోసం కరీంనగర్ వెళ్తుంటే

కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్న వెండి తీగతో చేసే నగల పని, హైదరాబాద్‌లోని ప్రభుత్వ హస్తకళల గోల్కొండ షోరూముల్లోనూ దొరుకుతుంది. జుంకాల జత కొనుక్కుంటే చాలనుకునేవాళ్లకు అది చాలు. తీగ నగ ఎలా తయారవుతుందో చూడాలన్నా, సొంత డిజైన్ చేయించుకోవాలన్నా కరీంనగర్ వెళ్లాల్సిందే. 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన పని ఇది.

హైదరాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి దాదాపు 160 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు వేసుకోండి. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు గానీ, పని చూడ్డానికి టైం మిగలదు. ఒక రాత్రి ఉండటమే మేలు. బస్టాండు దగ్గరి లాడ్జీలు సరిపోతాయి, రోడ్డు హోరు లేకుండా వెనకవైపు గది అడగండి. పనివాళ్ల దగ్గరికి మాత్రం ముందే ఫోన్ చేసి, ఆ రోజు టంకం పని (తీగల్ని వేడితో అతికే పని) ఉందో లేదో కనుక్కుని వెళ్లాలి.

వెండిని మూసలో కరిగించి కడ్డీ పోసి, కమ్మెచ్చు (తీగ లాగే బెజ్జాల పలక) బెజ్జాల్లోంచి సన్నగా లాగుతారు. లాగేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, మధ్యమధ్య కాల్చకపోతే తెగుతుంది. రెండు సన్న తీగలకు పురి పెట్టి అణగ్గొడితే అంచున నూగులాంటి వరస తేలుతుంది. ఫిలిగ్రీ తళుకంతా ఆ నూగుదే. కాస్త మందం తీగతో ఆకో నెమలో చట్రం కట్టి, పురి తీగను చుట్టలుగా చేసి లోపల బిగుతుగా కూరుస్తారు.

టంకం దగ్గరే నగ నిలబడేదీ, పాడయ్యేదీ. టంకం పొడి, వెలిగారం చల్లి మంట చూపుతారు. వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టంకం అంతకంటే తక్కువలోనే. సన్న తీగ చట్రం కంటే ముందు వేడెక్కుతుంది కాబట్టి మంట దానిమీద నిలిస్తే ముద్దయిపోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు మంటను చట్రం చుట్టూ తిప్పుతూనే ఉంటారు. టంకం ఎక్కువైతే సందులు పూడుకుపోతాయి, తక్కువైతే చుట్ట ఊడుతుంది.

కొత్త డిజైన్ చేయించేవాళ్లు ఫోన్లో ఫోటో చూపి ఊరుకోవద్దు. అసలు సైజులో కాగితంమీద గీసి ఇవ్వండి. చట్రం గీత ఎక్కడా తెగకూడదు. చట్రంలోని గడి మరీ వెడల్పైతే లోపలి తీగకు ఆసరా ఉండదు, వేలితో నొక్కితే లొత్తపడుతుంది. మధ్యలో అడ్డతీగ వేయమనండి. డిజైన్ తట్టకపోతే ఊరికి దగ్గర్లోనే ఎలగందుల కోట ఉంది, ఆటోలో వెళ్లి రావచ్చు. ఈ పని అక్కడే మొదలైందని చెబుతారు. అక్కడ 1754లో కట్టిన దో మినార్ (జంట మినార్లు) నిలువు గీతలు లోలకుల డిజైన్‌కు బాగా నప్పుతాయి. ఖాళీ ఎక్కువ వదిలిన డిజైన్లే ఈ పనికి అందం. ప్రతి గడీ నింపేసిన నగలో తీగ కనబడదు.

కొనేటప్పుడు నగను వెలుతురుకు ఎత్తి పట్టి వెనకవైపు చూడండి. పూడుకున్న సందులు, ఊగే చుట్టలు అక్కడే బయటపడతాయి. వెండి స్వచ్ఛత, బరువు, మజూరీ బిల్లులో విడివిడిగా రాయించుకోండి. బరువు తక్కువ కదా అని ధర తగ్గాలని పట్టుబట్టడం న్యాయం కాదు, ఇందులో వెండి కంటే చేతిపనే ఎక్కువ. ఇంటికొచ్చాక కుంకుడు రసంలో మెత్తటి బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. రబ్బరు బ్యాండుతో చుట్టి పెడితే దానిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది.