ఫర్టిలిటీ డాక్టరు దగ్గరకి మొదటిసారి: పరీక్షలన్నీ ముందే చేయించుకోవాలా, ఉత్త చేతులతో వెళ్లాలా? ఏది మేలు?

అపాయింట్‌మెంట్ దొరికింది, ఇంకా కొన్ని వారాల టైముంది, ఈలోపు పరీక్షలన్నీ చేయించేసుకుని ఫైలుతో వెళ్తే పని తొందరగా అవుతుంది కదా అంటారు కొందరు. డాక్టరు ఎలాగూ మళ్లీ రాస్తారు, ముందే చేయించి డబ్బు తగలేయడం ఎందుకు అంటారు ఇంకొందరు. ఈ రెండు మాటల మధ్య నలిగి నన్ను అడిగేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఈ గుమ్మం ఎక్కి దిగినదాన్ని మాత్రమే. నా మొగ్గు ఎటో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది, దాచేదేం లేదు.

పిల్లల కోసం ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకి 35 దాటితే ఆరు నెలలకే, డాక్టరు దగ్గరకి వెళ్లాలన్నది మీకు తెలిసిందే. 40 దాటినా, పీరియడ్స్ అస్తవ్యస్తంగా వస్తున్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది సంచి బయట పెరగడం) ఉందని ముందే తేలినా, ఇద్దరిలో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స జరిగినా ఈ నెలల లెక్క మీకు వర్తించదు, నేరుగా వెళ్లిపోండి.

ముందుగా మొదటి పద్ధతి, అన్నీ చేయించుకుని వెళ్లడం. వినడానికి బాగానే ఉంటుంది, చిక్కంతా తేదీల్లో ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ లాంటి హార్మోన్లు పీరియడ్స్ మొదలైన రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు చూస్తేనే వాటికి అర్థం. ఖాళీ దొరికిన రోజున వెళ్లి రక్తం ఇచ్చి వస్తే నంబర్ వస్తుంది గానీ, ఆ నంబర్ డాక్టరుకి పనికిరాదు. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరీక్షని అందరూ 21వ రోజు పరీక్ష అంటారు, ఆ లెక్క 28 రోజుల సైకిల్ ఉన్నవాళ్లకే సరిపోతుంది. తర్వాతి పీరియడ్‌కి ఏడు రోజుల ముందు చూడాలన్నది అసలు సంగతి, అంటే 35 రోజుల సైకిల్ ఉన్న ఆమెకి అది 28వ రోజు. 21నే చేయించుకుని, అండం విడుదల కావట్లేదట అని దిగులు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో. ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ అయితే సొంతంగా చేయించుకునే సంగతే కాదు, అది పీరియడ్స్ ఆగాక, అండం విడుదలకి ముందు, డాక్టరు అవసరమని చెబితేనే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి ఇన్‌ఫెక్షన్ పరీక్షల పాత రిపోర్టులు చాలాచోట్ల చెల్లవు, చికిత్స మొదలయ్యే ముందు మళ్లీ తీస్తారు.

ఇక ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష. ఏ రోజైనా చేయించుకోవచ్చు కాబట్టి అందరూ ముందు దీని మీద పడతారు. రిపోర్ట్ రాత్రి పూట ఫోన్‌కి వస్తుంది, పక్కన వివరించి చెప్పేవాళ్లు ఉండరు, తక్కువ అని కనబడగానే గుండె జారిపోతుంది. ఏఎంహెచ్ చెప్పేది అండాశయంలో అండాల నిల్వ సుమారుగా ఎంత ఉందనే, అండాలు మంచివా కావా అన్నది కాదు, మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది అంతకన్నా కాదు. 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న, అంతకుముందు సంతాన సమస్య లేని ఆడవాళ్లని గమనించి 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక అధ్యయనం వేశారు. ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవాళ్లు సహజంగా గర్భం దాల్చే అవకాశంలో మిగతావాళ్లకంటే వెనకబడలేదని అందులో తేలింది. ఐవీఎఫ్‌కి (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపే చికిత్సకి) మందుల డోసు నిర్ణయించేటప్పుడు ఆ నంబర్ పనికొస్తుంది, డాక్టరు ముందు కూర్చుని చూసుకోవాల్సిన నంబర్ అది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అది తగ్గి కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రెండో పద్ధతి, ఉత్త చేతులతో వెళ్లడం. మీకు ఏవి అవసరమో డాక్టరే తేలుస్తారు, అనవసరపు సూదులు తప్పుతాయి, అది నిజమే. కాకపోతే వారాల తరబడి ఎదురుచూసి వెళ్లిన మొదటి అపాయింట్‌మెంట్ పరీక్షల చీటీ చేతికిచ్చి పంపేయడంతో అయిపోతుంది. ఆ చీటీలో సగం మళ్లీ పీరియడ్ వచ్చేదాకా ఆగాల్సినవే, తర్వాత రెండో అపాయింట్‌మెంట్ కోసం ఇంకో ఎదురుచూపు. 30ల చివర్లో ఉన్నవాళ్లకి ఆ రెండు మూడు నెలలు చిన్నవేం కావు.

నేను చెప్పేది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది: ఒక కాగితం, ఒక పరీక్ష. ఆ పరీక్ష మగవాళ్లది.

అవును, వీర్య పరీక్ష. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారాన్ని తేల్చేది ఇదే. పిల్లలు ఆలస్యమైన జంటల్లో దాదాపు సగంమందిలో కారణం పూర్తిగానో కొంతవరకో మగవాళ్ల వైపు ఉంటుంది. అయినా ఆమెకి స్కాన్‌లు, రక్తపరీక్షలు, ట్యూబుల పరీక్ష అన్నీ అయ్యాక, ఇంకేమీ దొరక్కపోతే ఆఖర్న ఆయన వంతు వస్తుంది. నొప్పి లేనిదీ, సూది లేనిదీ, పీరియడ్స్ తేదీలతో సంబంధం లేనిదీ ఆ ఒక్క పరీక్షే, దాన్నే అందరూ చివరికి నెడతారు. అందులో వీర్యకణాలు మరీ తక్కువని తేలితే ఆమెకి నెలల తరబడి అండం పెరిగే మాత్రలు మింగించడం వృథా, దారే వేరు. మొదటి రోజే ఆ రిపోర్ట్ బల్ల మీద ఉంటే డాక్టరు మాట్లాడే తీరు మారిపోతుంది. మేము చేసిందీ ఇదే, దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎలా చేయించుకోవాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ల్యాబులో గబగబా చెప్పేస్తారు, సిగ్గుతో ఈయన మళ్లీ అడగడు. అంతకుముందు కనీసం రెండు రోజులు, గరిష్టంగా ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. ఎన్ని ఎక్కువ రోజులు ఆగితే అంత మంచి రిపోర్ట్ అనుకుని రెండు వారాలు ఆగేవాళ్లున్నారు, అలా చేస్తే కదలిక తగ్గి కనిపిస్తుంది. డబ్బా ల్యాబు వాళ్లిచ్చిందే వాడాలి, మామూలు కండోమ్‌లో పట్టి తీసుకెళ్లకూడదు, జెల్ గానీ ఉమ్మి గానీ తగలకూడదు. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువుంటాయి, కాబట్టి ఆ కొంచెం బయట పడిపోతే గుట్టుగా ఊరుకోకుండా ల్యాబు వాళ్లకి చెప్పాలి, పడింది అని వాళ్లు రాసుకుంటారు, అంతే. ఇంట్లో తీసుకుంటే గంటలోపు అందించాలి, దారిలో చల్లబడకుండా చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

రిపోర్ట్ వచ్చాక అంకెలు చూసి బెంబేలెత్తకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన లెక్కల ప్రకారం కింది హద్దులు ఇవీ: మిల్లీలీటరుకి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, మామూలు ఆకారంలో ఉన్నవి 4 శాతం. ఆ 4 చూసి, మిగతా 96 చెడ్డవా అని కళ్లు తిరుగుతాయి చాలామందికి. ఆరోగ్యంగా ఉండి, పిల్లల్ని కన్న మగవాళ్లలో కూడా ఎక్కువ కణాల ఆకారం మామూలుగా ఉండదు. పైగా ఈ హద్దులు ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ల ఫలితాల్లో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీతలు, దాటితే పాస్, దాటకపోతే ఫెయిల్ అని కాదు. కణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కాబట్టి ఆ మధ్య గట్టి జ్వరం వచ్చినా ఫలితం పడిపోతుంది. అందుకే బాగా రాకపోతే మళ్లీ చేయిస్తారు, ఒక్క రిపోర్టుతో ఎవరూ తీర్పు చెప్పరు. ఇంకో మాట, జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు మగతనం పెరుగుతుందనుకుంటారు గానీ, అవి కణాల తయారీనే ఆపేస్తాయి. తీసుకుంటుంటే డాక్టరుకి మొహమాటపడకుండా చెప్పాల్సిందే.

ఇక కాగితం. పెద్ద ఫైలు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. పై భాగంలో గడిచిన ఆరు నెలల పీరియడ్స్ తేదీలు, పక్కనే చిన్న గుర్తులు, ఇలా: మార్చి 4, ఐదు రోజులు, రెండో రోజు బాగా ఎక్కువ, నొప్పికి మాత్ర వేసుకున్నాను. ఫోన్ యాప్‌లో ఉంటే అందులోంచి చూసి రాసుకోండి, కుర్చీలో కూర్చున్నాక ఫోన్ వెతుక్కుంటుంటే టైమైపోతుంది. దాని కింద ఇద్దరూ వాడే మందులు డోసుతో సహా, థైరాయిడ్, షుగర్, ఆపరేషన్లు. ఆయన వైపు చిన్నప్పటి సంగతులు వాళ్లమ్మని అడగాల్సి రావచ్చు, వృషణం కిందికి దిగకపోతే చేసిన ఆపరేషన్, యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాయడం లాంటివి ఆయనకి గుర్తుండకపోవచ్చు, డాక్టరుకి మాత్రం ముఖ్యం. ఆమె వైపు అమ్మకో అక్కకో పీరియడ్స్ బాగా ముందే ఆగిపోయాయా అన్నది. అన్నిటికన్నా కింద మీ ప్రశ్నలు, మూడు మించకుండా. ఏ పరీక్ష అయినా మళ్లీ చేయించొచ్చు, ఈ కాగితంలో ఉన్నది మాత్రం మీరు చెబితేనే బయటికొస్తుంది.

ఒక్కరే వెళ్లాలా, ఇద్దరా? ఇద్దరూ. దీని మీద పెద్ద చర్చ అనవసరం. ఒక్క మినహాయింపు ఉంది. ఇంతకుముందెప్పుడైనా గర్భం వచ్చిందా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, దానికి నిజమైన జవాబు పక్కనున్న మనిషికి తెలియనిది అయితే నోరు పెగలదు. అలాంటిదేమైనా ఉంటే, కొన్ని నిమిషాలు విడిగా మాట్లాడాలి అని ముందే నర్సుతో చెప్పండి, కొత్తగా ఏమీ అనుకోరు. మగవాళ్లకీ ఇదే మాట, గతంలో వచ్చిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పడకగదిలో ఇబ్బంది కావచ్చు.

ముందు వీడియో కాల్‌లో ఇంకో డాక్టరుతో మాట్లాడి చూడటం, ఇంట్లో చేసుకునే కిట్‌లు, వీటి గురించీ అడుగుతున్నారు. పనికిరావని అనను. వీడియోలో స్కాన్ చేయలేరు, మగవాళ్ల ఇంటి కిట్‌లలో చాలావాటికి కణాల సంఖ్య తప్ప ఇంకేమీ తెలియదు. సరే, అంతే.

అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఎలా గడపాలన్నది ఇంకో తలనొప్పి. అన్నీ చదివేసి సిద్ధంగా ఉండటమా, అసలు ఆ ఊసే ఎత్తకుండా ఉండటమా? నాకు రెండూ నచ్చవు. చదవడం మొదలుపెడితే మీకు లేని జబ్బులు కూడా మీవే అనిపిస్తాయి, ఊసెత్తకూడదని కూర్చుంటే ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు తప్పించుకుని తిరుగుతారు. దానికంటే దీని గురించి మాట్లాడుకోవడానికి రోజులో ఒక అరగంట పెట్టుకోండి, అది దాటాక ఇద్దరిలో ఎవరు మొదలుపెట్టినా రెండోవాళ్లు, రేపు, అనేయొచ్చు. ఒకసారి పాటించి చూడండి, మొదటి వారం నవ్వొస్తుంది, తర్వాత ఆ అరగంట కూడా నిండదు.

టెన్షన్ పడకు, టెన్షన్ వల్లే రావట్లేదు అనేవాళ్లు మాత్రం చుట్టూ తయారవుతారు. దాన్ని మనసుకి పట్టించుకోకండి. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాల్ని కలిపి చూశారు, ఐవీఎఫ్ లాంటి చికిత్సకి ముందు ఆందోళనగా ఉన్న ఆడవాళ్లకీ లేనివాళ్లకీ గర్భం వచ్చే విషయంలో తేడా కనిపించలేదు. టెన్షన్ తగ్గితే మీకు నిద్ర పడుతుంది, అందుకని తగ్గించుకోండి, ఏడ్చినందుకు మాత్రం తప్పుచేసినట్టు ఫీలవకండి. విశేషం ఏమైనా ఉందా అని అడిగేవాళ్లకి ఒక్క జవాబు ముందే అనుకుని ఇద్దరూ అదే చెప్పండి. నిజం చెప్పాలనుంటే ఒకరిద్దరికి చెప్పండి, పదిమందికి చెప్తే ప్రతి నెలా పదిమందికీ సమాధానం చెప్పుకోవాలి.

ఇంకోటి, ఎలాగూ డాక్టరు దగ్గరకి వెళ్తున్నాంగా అని చాలామంది ఈ వారాల్లో ప్రయత్నం ఆపేస్తారు. ఎందుకు? రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే చాలు, అండం విడుదలయ్యే రోజు చూపే స్ట్రిప్‌లు పట్టుకుని గంటలు లెక్కపెట్టక్కర్లేదు. వీర్య పరీక్షకి ముందు ఆ రెండు రోజులు మాత్రం ఆగండి. ఆమె రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టొచ్చు. షుగర్ ఉన్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు డోసు డాక్టరుని అడగాలి, వాళ్లకి ఎక్కువ పడుతుంది. సిగరెట్ ఎవరు కాలుస్తున్నా మానేయడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

ఎవరైనా రద్దు చేసుకుంటే మాకు ఫోన్ చేయండి అని క్లినిక్‌లో పేరు రాయించి పెట్టండి, అలా తేదీ ముందుకి జరిగినవాళ్లు నాకు తెలుసు. సరిగ్గా ఆ రోజే పీరియడ్ వస్తే మాత్రం కంగారుపడి మీరే రద్దు చేసుకోకండి. అండాశయాల్లో చిన్న ఫాలికిల్స్ (అండాలుండే బుల్లి సంచులు) లెక్కపెట్టే స్కాన్‌కీ, నేను పైన చెప్పిన హార్మోన్ పరీక్షలకీ పీరియడ్ మొదటి కొద్ది రోజులే కావాలి. ఫోన్ చేసి, ఈరోజు మొదటి రోజు, రావచ్చా అని అడగండి, చాలావరకు రమ్మనే అంటారు.