ఒకే మేకు, రెండు ఫోటోలు: 1983నా, 1968నా?

అమలాపురంలో మా వీధి గ్రంథాలయం గోడకు ఇంకొక్క పటమే పడుతుంది. పిల్లలు రెండు ఫోటోలు తెచ్చారు.

ఒకటి 1983 జూన్ 25 నాటిది. వెస్టిండీస్‌ను 43 పరుగుల తేడాతో ఓడించాక, లార్డ్స్ బాల్కనీలో ప్రపంచకప్పుతో కపిల్ దేవ్. చూడగానే ఛాతీ పొంగుతుంది. కానీ ఆ ఆనందమంతా ఒక్క చూపులోనే అందిపోతుంది.

రెండోది నలుపు తెలుపు. 1968 అక్టోబరు 16, మెక్సికో సిటీ ఒలింపిక్స్, 200 మీటర్ల పతకాల వేదిక. అమెరికా నల్లజాతి పరుగువీరులిద్దరు వర్ణవివక్షకు నిరసన తెలుపుతున్నారు. 19.83 సెకన్లలో గెలిచిన టామీ స్మిత్ కుడి పిడికిలి ఎత్తాడు, కాంస్యం అందుకున్న జాన్ కార్లోస్ ఎడమ పిడికిలి. ఒకరు కుడి, ఒకరు ఎడమ ఎందుకు? ఉన్నది ఒకే జత నల్ల చేతితొడుగులు, చెరొకటి పంచుకున్నారు. ఇప్పుడు కిందికి చూడండి. కాళ్లకు బూట్లు లేవు, నల్ల మేజోళ్లే. తమ నల్లజాతివాళ్ల పేదరికానికి గుర్తుగా. రజతం గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ నార్మన్ చేయెత్తలేదు, కానీ అతని ఛాతీ మీదా వాళ్లు పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జీయే ఉంది. 2006లో నార్మన్ పోయినప్పుడు శవపేటిక మోసినవారిలో ఆ ఇద్దరూ ఉన్నారు.

నా ఓటు 1968కే. కపిల్ ఫోటో పిల్లలకు ఎక్కడైనా కనిపిస్తుంది. ఆ మేజోళ్ల గురించి అడిగితే చెప్పేవారు కావాలి.

ఏది కట్టించినా ఫోటో అద్దానికి తగలకుండా చుట్టూ అట్ట పెట్టించాలి. కోనసీమ వానాకాలపు తేమకు అంటుకుపోయిందంటే చింపకుండా ఊడదీయలేం.