22 ఏళ్ల పాత ట్రాక్టరు: మిస్సింగ్ ఏ సిలిండర్లో ఉందో బండే చెబుతుంది

హెచ్‌పీ, గేర్లు, లిఫ్టు, డీజిలు ఖర్చు జోలికి పోవడం లేదు. 35 హెచ్‌పీ మూడు సిలిండర్ల ఇంజను, ఇన్‌లైన్ పంపు ఉన్న బండి ఎలా ఉంటుందో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ట్రాక్టరు తోలిన అందరికీ తెలుసు. 22 ఏళ్ల వాడకం తర్వాత కూడా దీని మీద ఇంత ఇష్టం మిగిలిందంటే కారణం ఒక్కటే. మిస్సింగ్ (ఏదో సిలిండరు సరిగా మండక ఇంజను దెబ్బ తప్పడం) వస్తే ఏ సిలిండరు మొరాయిస్తోందో 17 నంబరు స్పానరు ఒక్కటి పెట్టుకుని, పొలం గట్టు మీదే, పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ఈ డీజిలు పంపులో సిలిండరుకో ప్లంజరు (డీజిలును ఒత్తిడితో తోసే చిన్న కడ్డీ), ప్లంజరుకో స్టీలు పైపు, పైపు చివర సిలిండర్లోకి డీజిలు చిమ్మే ఓ నాజిలు. మూడు దారులూ దేనికదే. అందుకే ఒకదాన్ని ఆపి మిగతా రెండూ ఎలా కొడుతున్నాయో వినొచ్చు. ఇంజను వేడెక్కాక స్లోలో పెట్టి, నాజిలు దగ్గర పైపు నట్టును అర చుట్టు వదులు చేయాలి. డీజిలు లోపలికి పోకుండా నట్టు దగ్గరే కారిపోతుంది. ఆ సిలిండరు బాగా పనిచేస్తున్నదైతే ఇంజను ఒక్కసారిగా కుంగుతుంది, బానెట్టు ఊగుతుంది. నట్టు వదిలినా శబ్దంలో ఏ మార్పూ లేదంటే దొంగ దొరికినట్టే. దాన్ని బిగించి, మిగతావీ తప్పకుండా చూడాలి. ఒకటి దొరికింది కదా అని ఆపకూడదు, ఒక్కోసారి రెండు సిలిండర్లు సగం సగం కొడుతుంటాయి.

ఇక్కడ జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఇలాంటి నాజిళ్లు తెరుచుకునే ఒత్తిడి 200 బార్ దరిదాపుల్లో ఉంటుంది. కారుతున్న చోట వేలు పెడితే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల కండ పాడైపోతుంది. నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన దెబ్బ అది. నట్టు మీద మందపాటి గుడ్డ కప్పి వదిలేయాలి, చేత్తో అదిమి పట్టుకోకూడదు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఎక్కడ చిమ్ముతోందో చూడటానికి అట్టముక్క వాడాలి. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిలు అందే) ఇంజన్లకు మాత్రం నడుస్తుండగా పైపు నట్టు అసలు ముట్టుకోకూడదు. వాటి పైపుల్లో ఒత్తిడి 1000 బార్ పైమాటే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక అలాంటి ఇంజన్లు ఊళ్లలో కనబడుతున్నాయి. పాత బండి అలవాటుతో వాటి మీద స్పానరు పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

స్పానరు లేకపోతే నీళ్ల చుక్కలూ చెబుతాయి. చల్లటి ఇంజను స్టార్టు చేసి, కాస్త రేజింగులో అయిదు నిమిషాలు ఉంచి, పొగ బయటికి పోయే మానిఫోల్డు మూడు కొమ్మల మీదా తడి వేళ్లతో చిలకరించాలి. మండుతున్న సిలిండరు దగ్గర చుక్క ఇట్టే ఆరిపోతుంది. మండనిదాని దగ్గర అలాగే నిలబడుతుంది.

ఇంత మెచ్చుకున్న బండే ఒక దమ్ముల (నాట్లకు ముందు మడిని బురద చేసే) సీజన్లో రెండున్నర రోజులు కూర్చోబెట్టింది. మడిలోకి దించే ముందు నాజిళ్లు మూడూ ఊడదీయించి, సర్వీసు చేయించి బిగించారు. షాపు పేరు ఇక్కడ అనవసరం. మర్నాడు పొద్దున స్టార్టు చేయగానే ఒక దెబ్బ తప్పుతోంది. తెల్లపొగ, ముక్కు దగ్గర పచ్చి డీజిలు వాసన, పొగ పక్కన నిలబడితే కళ్లు మంట. కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) వేసి బురదలోకి దించితే మిస్సింగ్ చాలావరకు తగ్గి, దాని బదులు నల్లపొగ మొదలైంది. నట్టు వదిలి చూస్తే ఒకటో సిలిండరు, మూడో సిలిండరు దగ్గర ఇంజను బాగా కుంగింది. రెండోదాని దగ్గర కొద్దిగా మాత్రమే. పూర్తిగా చచ్చినది కాదు, సగం మండుతోంది. ఈ సగం అన్నదే చిక్కు.

అనుమానం నాజిలు మీదికే పోతుంది, సర్వీసు చేసింది దాన్నే కాబట్టి. దానికి తేలికైన పరీక్ష ఒకటో నాజిలును రెండో చోట, రెండోదాన్ని ఒకటో చోట బిగించడం. లోపం నాజిలుదైతే మిస్సింగ్ దానితోపాటే ఒకటికి మారాలి. మారలేదు, రెండులోనే ఉండిపోయింది. ఆ ఒక్క ముక్కతో నాజిలు నిర్దోషి అని తేలిపోవాలి. అయినా మెకానిక్కు ఒప్పుకోక కొత్త నాజిలు వేయించాడు, ఆ డబ్బు వృథా.

తర్వాత పంపు. మూడు పైపుల్నీ నాజిళ్ల దగ్గర విప్పి, చివర్లు బయటికి తిప్పి, ఒకే సైజు గాజుసీసాల్లోకి పెట్టి, సెల్ఫు పది సెకన్ల చొప్పున ఆపి ఆపి కొడితే మూడింట్లోనూ డీజిలు సమానంగా పడింది. ఇది బెంచి మీద కొలిచినంత ఖచ్చితం కాదు గానీ, ఒక ప్లంజరు ఎత్తిపోతే ఇందులోనే బయటపడుతుంది. ఇక కంప్రెషను, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే బలం. స్టాపరు (డీజిలు ఆపే మీట) లాగి పట్టుకుని సెల్ఫు కొడితే మూడు దెబ్బలూ ఒకే బరువుతో వినిపించాయి. ఒక సిలిండరు కారిపోతుంటే ఆ దెబ్బ దగ్గర సెల్ఫు తేలిగ్గా జారినట్టు తిరుగుతుంది. ఆయిల్ పోసే మూత తీసి చూసినా పొగ ఊదడం లేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) సందులో 0.30 మి.మీ. గేజి ఆరింటిలోనూ ఒకేలా దూరింది.

అన్నీ బాగున్నాయి, సిలిండరు మాత్రం మండదు. అప్పుడు నాజిళ్లు మూడూ మళ్లీ బయటికి తీసి, హెడ్డులోని రంధ్రాల్లోకి టార్చి కొట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒకటీ మూడూ అడుగున నల్లటి పోత ఇనుము అంచు కనబడుతోంది. రెండోదాని అడుగున మసి పట్టిన ఉంగరం, గోకితే రాగిరంగు. పాత కాపర్ వాషరు నాజిలుతో పైకి రాకుండా అడుక్కి కరుచుకుపోయింది, దాని మీద కొత్తది వేసి బిగించేశారు.

ఆ వాషరు మందం మిల్లీమీటరున్నరకు మించదు. కానీ నాజిలు మూతి అంత మేర పైకి లేచింది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లో డీజిలు పొగమంచులా పడాల్సింది పిస్టను నడినెత్తి గుంటలో. మూతి పైకి లేస్తే ఆ ధార గుంట అంచుకు, హెడ్డు అడుక్కి కొట్టుకుంటుంది. చల్లగా, స్లోలో ఉన్నప్పుడు అక్కడ మండక తెల్లపొగగా పోతుంది. లోడు మీద వేడి పెరిగేసరికి ఆలస్యంగా, అరకొరగా మండి నల్లపొగ అవుతుంది. నాజిళ్లు మార్చి పెట్టినా మిస్సింగ్ రెండులోనే ఉండిపోవడానికి కారణం కూడా ఇదే: కొత్త వాషర్లు నాజిళ్లతో కదిలాయి, కింద ఉన్నది కదల్లేదు.

తీయడం అంత కష్టం కాదు, తొందరపడకపోతే. ఆ సిలిండరు పిస్టనును పైకి తెచ్చి ఉంచాలి, ఏదైనా కింద పడ్డా చేతికందుతుంది. వాషరు చుట్టూ మసిని గోకాలి. కోసుగా సానబెట్టిన ఇనుప కడ్డీకి గ్రీజు పూసి వాషరు రంధ్రంలోకి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే రాగి మెత్తన కాబట్టి పట్టుకుంటుంది, తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. గ్రీజుకు మసి కూడా అంటుకుంటుంది. తర్వాత నాజిళ్లు బిగించకుండానే స్టాపరు లాగి సెల్ఫు రెండుసార్లు కొట్టాలి, మిగిలిన పొడి బయటికి ఊదేస్తుంది. ఆ సమయంలో రంధ్రాల మీదికి వంగకూడదు. సీటు తుడిచి, కొత్త వాషరు ఒక్కటే వేసి, నాజిలు రెండు నట్లనూ కొంచెం ఇటు, కొంచెం అటు సమానంగా బిగించాలి. ఒకవైపే లాగి బిగిస్తే నాజిలు బాడీ వంకరపోయి లోపలి సూది పట్టేస్తుంది. కొత్త వాషరు దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, గట్టిపడినదాన్ని అలాగే వేస్తే కంప్రెషను కారుతుంది.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. మండని డీజిలు సిలిండరు గోడ వెంట కిందికి దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్కు తీసి చూస్తే మట్టం పెరిగి ఉంది, ఆయిలు పలచబడి డీజిలు కంపు కొడుతోంది. ఆయిలూ ఫిల్టరూ మార్చాకే మళ్లీ దమ్ములోకి దించడం జరిగింది. ఒక సిలిండరు చచ్చిన బండిని ‘ఇంకో రెండెకరాలే కదా’ అని తోలితే బేరింగులు పోయేది అందుకే.

కాబట్టి మొదట రాసిన పది నిమిషాలు ఏ సిలిండరో తెలియడానికే. ఎందుకో తెలియడానికి ఈసారి రెండున్నర రోజులు పట్టింది. పైగా లోపం మూడింటికీ ఉమ్మడిగా ఉంటే స్పానరు పరీక్ష ఏమీ చెప్పదు, ఇంజను ఒకసారి ఒకటి, ఒకసారి ఇంకోటి వదిలేస్తూ ఉంటుంది. ఎండాకాలం మిరపకాయ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు పోయేటప్పుడు అరగంట బాగా నడిచి ఆ తర్వాత మిస్సింగ్ కొట్టి, పది నిమిషాలు ఆపితే బాగుపడటం దీనికి ఉంది. అలా ఉంటే ముందు డీజిలు ట్యాంకు మూత తిప్పాలి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి కన్నం దుమ్ముతో పూడుకుపోయినట్టే. మూత బాగానే ఉంటే ఫిల్టరు నుంచి వెనక్కి వచ్చే పైపు తీసి అక్కడ జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తగిలించి చూడాలి. గాలి తీశాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే ట్యాంకుకీ, దాన్నుంచి డీజిలు లాగే ఫీడు పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి పైకి చుక్క కూడా కారదు, పైపు పొడిగా ఉంటుంది, అందుకే కంటికి దొరకదు. ఎక్కువసార్లు బోల్టు కింది వాషరో, ఫీడు పంపు జాలీ గిన్నె రబ్బరో.

ఈ బండి ఏడాదికి 350 గంటలకు మించి తిరగదు, సొంత మాగాణికీ ఇంటి ట్రక్కుకీ సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్ గంట దూరంలో ఉండటంతో నాజిలు ఒత్తిడి చూపించుకోవాలన్నా, పంపు బెంచి మీద పెట్టించాలన్నా పొద్దున వెళ్లి సాయంత్రానికి తెచ్చుకోవచ్చు. ఆ రెండూ కుదిరేవాళ్లు పాత ఇన్‌లైన్ పంపు బండిని నిశ్చింతగా ఉంచుకోవచ్చనే అనిపిస్తోంది. కిరాయికి రోజంతా రోటావేటరు వేసేవాళ్లకు, సీజన్లో రెండున్నర రోజులు ఆగిపోతే ఎకరాలు చేజారేవాళ్లకు ఈ మాట అంతే గట్టిగా చెప్పలేం. మన దగ్గర మాత్రం ఇప్పుడు నాజిలు ఊడదీసిన ప్రతిసారీ వాషర్లు లెక్కపెడుతున్నాం. మూడు బయటికి వస్తేనే మూడు కొత్తవి లోపలికి.