విన్స్ యంగ్, ఆర్చ్ మ్యానింగ్: టెక్సాస్‌కు ఎవరు మేలు?

మా ఇంట్లో రెండు జెర్సీలు ఉన్నాయి. రెండూ టెక్సాస్ యూనివర్సిటీ రంగువే, ఇటుక ఛాయ కలిసిన నారింజ. 10 నంబరుది నాది. 2006 జనవరిలో కొన్నాను, ఇప్పుడు మెడ దగ్గర వెలిసిపోయింది. అది విన్స్ యంగ్ నంబరు. 16 నంబరుది మా అబ్బాయిది. అది ఆర్చ్ మ్యానింగ్ నంబరు. టెక్సాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ అప్పుడు విన్స్, ఇప్పుడు ఆర్చ్.

గత డిసెంబర్ 31న సీజన్ చివరి మ్యాచ్ సిట్రస్ బౌల్‌లో మిషిగన్ మీద టెక్సాస్ 41-27తో గెలిచాక మావాడు నా వైపు తిరిగి, "ఇప్పుడైనా ఒప్పుకుంటావా నాన్నా?" అన్నాడు. ఏం ఒప్పుకోవాలో ఇద్దరికీ తెలుసు. ఆర్చ్ మొదటిసారి మైదానంలోకి దిగిన రోజు నుంచీ మా ఇంట్లో ఇదే వాదన. వాడు విన్స్ ఆటను వీడియోల్లోనే చూశాడు. నేను ఆ రోజుల్లో ఇక్కడే, యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్‌లోనే చదువుకుంటున్నాను. ఆ రాత్రి వాడికి ఏమీ చెప్పలేకపోయాను. అప్పటినుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను.

ఈ ఆట చూడని వాళ్ల కోసం రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ఇస్తారు. జరగలేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. దాదాపు ప్రతి అవకాశంలోనూ బంతి ముందుగా అందేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. మూడు సెకన్లలోపు దాన్ని విసరాలి, పక్కవాడికి ఇవ్వాలి, లేదా తనే పట్టుకుని పరుగెత్తాలి. ఎదురుగా నూట ముప్ఫై, నూట నలభై కిలోల మనుషులు మీదికి వస్తుంటారు. మన కబడ్డీలో రెయిడర్ చుట్టూ గొలుసు బిగుస్తున్నప్పుడు ఉండే టెన్షన్ ఇక్కడ ప్రతి అర నిమిషానికీ ఉంటుంది.

ఇప్పుడు లెక్కలకు వస్తాను. మా అబ్బాయి మొదట చూపించేది ఇవే. 2005లో విన్స్ 13 మ్యాచ్‌ల్లో 3,036 గజాలు విసిరాడు, 26 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని మైదానం చివరి గీత దాటించినవి) ఇచ్చాడు, బంతి 10 సార్లు ఎదుటివాళ్ల చేతిలో పడింది. 2025లో ఆర్చ్ కూడా 13 మ్యాచ్‌లే ఆడాడు. 3,163 గజాలు, అవే 26 టచ్‌డౌన్ పాస్‌లు, ఎదుటివాళ్లకు చిక్కినవి 7 మాత్రమే. "చేత్తో ఆడే ఆటలో మావాడే ముందున్నాడు" అంటాడు. తప్పేమీ లేదు, అంకెలు అంకెలే.

పరుగు దగ్గరకు వస్తే మాత్రం తేడా పెద్దది. ఆర్చ్ 399 గజాలు పరుగెత్తి 10 టచ్‌డౌన్లు చేశాడు. విన్స్ 1,050 గజాలు, 12 టచ్‌డౌన్లు. ఒకే సీజన్‌లో మూడు వేల గజాలు విసిరి, వెయ్యి గజాలు పరుగెత్తిన ఆటగాడు అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు ముందు ఒక్కడూ లేడు. పైగా ఆ ఏడాది టెక్సాస్ పదమూడుకు పదమూడూ గెలిచింది. ఆర్చ్ ఏడాదిలో పది గెలిచి మూడు ఓడింది.

ఇక్కడితో ఆపేస్తే నేనే గెలిచినట్టు. కానీ అలా గెలవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఈ పోలికలో ఒక అన్యాయం ఉంది. 2005 విన్స్‌కు కాలేజీలో నాలుగో ఏడాది. 2025 ఆర్చ్‌కు మూడోది. ఇద్దరూ మొదటి ఏడాది పక్కన కూర్చుని నేర్చుకున్నారు. కాబట్టి ఆర్చ్ 2025ను విన్స్ 2004 పక్కన పెట్టాలి. అప్పుడు కథ మారిపోతుంది.

2004లో విన్స్ విసిరింది 1,849 గజాలు. టచ్‌డౌన్ పాస్‌లు 12, ఎదుటివాళ్లకు చిక్కినవి 11. ఆ అక్టోబర్‌లో ఓక్లహోమాతో ఆడితే టెక్సాస్‌కు ఒక్క పాయింటూ రాలేదు, 12-0తో ఓడిపోయింది. ఆ వారం ఊరంతా ఒకటే మాట: ఇతను క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, బంతి అందుకునే స్థానంలో పెట్టండి. భుజం పైనుంచి కాకుండా పక్కనుంచి విసురుతాడు, ఆ విసురుడు మార్చాలి అని మరికొందరు. ఇప్పుడు అందరూ మర్చిపోయారుగానీ, ఆ మాటలు అన్నవాళ్లలో చాలామంది తర్వాత ఏడాది 10 నంబరు జెర్సీ వేసుకున్నవాళ్లే. కోచ్ మాక్ బ్రౌన్ అతని విసురుడు మార్చలేదు. అతని కాళ్లకు సరిపోయేలా ఆటనే మార్చుకున్నాడు. ఎదుటివాడు ఎటు కదులుతున్నాడో చూసి, బంతి ఇవ్వడమో ఉంచుకోవడమో ఆ క్షణంలో విన్స్‌నే తేల్చుకోమన్నాడు.

ఆర్చ్ కూడా ఇలాంటి మాటలు పడ్డాడు, ఇంకా ఎక్కువే పడ్డాడు. సీజన్ మొదలుకాక ముందే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకింగుల్లో టెక్సాస్‌ను నంబర్ వన్ చేశారు. సీజన్‌కు ముందు ఆ స్థానం టెక్సాస్‌కు దక్కడం అదే మొదటిసారి. అందులో సగం ఇంటిపేరు మహిమే. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై. ముగ్గురూ ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, పేరు మోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడాక ఆ మహిమే శాపమైంది. రెండు వారాల తర్వాత సొంత స్టేడియంలో, యూటెప్ లాంటి చిన్న జట్టు మీద, వరసగా పది పాస్‌లు గురి తప్పాడు. మనవాళ్లే అతన్ని చూసి బూ అన్నారు. ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను, మా అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. వాడు తల దించుకుని కూర్చున్నాడు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాణ్ని సొంత జనమే అలా గేలి చేయడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

అక్కడినుంచి అతను పైకి వచ్చిన తీరు చూడాలి. ఓక్లహోమా మీద 23-6. మిసిసిపీ స్టేట్ మీద 346 గజాలు విసిరి, చివర్లో తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. అయినా మరుసటి వారం వాండర్‌బిల్ట్ మీద దిగి 328 గజాలు, మూడు టచ్‌డౌన్లు. జార్జియా చేతిలో 35-10తో నలిగిపోయాక, అర్కన్సాస్ మీద 389 గజాలు. ఆ తర్వాత, అప్పటిదాకా ఓటమి ఎరగని మరో యూనివర్సిటీ జట్టు టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 27-17. ఆ మ్యాచ్‌లో 35 గజాలు తనే పరుగెత్తి చేసిన టచ్‌డౌన్‌తో నాకు మొదటిసారి విన్స్ గుర్తొచ్చాడు.

ఇద్దరి మూడో ఏడాదీ ముగిసిన తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. విన్స్ 2004 సీజన్ చివరి మ్యాచ్ మిషిగన్‌తో, రోజ్ బౌల్‌లో. 192 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. అందులో ఒకటి 60 గజాలది. చివరి క్షణంలో కొట్టిన కిక్‌తో 38-37. ఆర్చ్ 2025 చివరి మ్యాచ్ కూడా మిషిగన్‌తోనే. 155 గజాలు పరుగెత్తాడు, రెండు టచ్‌డౌన్లు. అందులో ఒకటి 60 గజాలది.

మా అబ్బాయి నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆ 60 గజాల పరుగు చూశాకే.

విన్స్ "ఇంటి బిడ్డ", ఆర్చ్ బయటినుంచి వచ్చినవాడు అన్న మాట కూడా ఒకటి ఉంది. విన్స్ హ్యూస్టన్‌లో, హైరం క్లార్క్ అనే పేటలో పెరిగాడు. మ్యాడిసన్ హైస్కూల్లో చదివాడు. మూడు గంటల దూరంలో ఉన్న ఆస్టిన్‌కు ఆడటానికి వచ్చాడు. టెక్సాస్ జనానికి అతను పక్కింటి పిల్లాడు. ఆర్చ్‌ది న్యూ ఆర్లియన్స్. తాత ఆడింది మిసిసిపీకి, పేటన్ ఆడింది టెనెసీకి. ఆర్చ్ అవన్నీ వదిలి టెక్సాస్‌ను ఎంచుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లు అప్పటి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ వెనక ఓపికగా నిలబడ్డాడు. ఆటగాళ్లు ఏటా కాలేజీ మారిపోతున్న ఈ కాలంలో, అతని పేరుకు ఏ కాలేజీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. అయినా కదల్లేదు. పుట్టిన ఊరు వదిలి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాణ్ని నేను. ఎంచుకుని వచ్చినవాడు పుట్టి పెరిగినవాడికంటే తక్కువ అంటే ఎలా ఒప్పుకుంటాను? ఈ విషయంలో నేను ఎవరి పక్షమూ కాదు.

చెయ్యి విషయంలో ఆర్చ్ మేలు. ఇందులో నాకు అనుమానం లేదు. నలభై గజాల అవతల పరుగెత్తే మనిషి వేలికొసలకు బంతి అందించడం విన్స్‌కు చివరి ఏడాదిలో గానీ పట్టుబడలేదు. ఆర్చ్‌కు అది ముందే ఉంది. పైగా చుట్టూ ఉన్న జట్టును కూడా చూడాలి. 2004లో విన్స్ పక్కన సెడ్రిక్ బెన్సన్ ఉన్నాడు, ఒక్కడే 1,834 గజాలు పరుగెత్తాడు. ఎదుటివాళ్ల కళ్లు సగం అతని మీదే ఉండేవి. ఆర్చ్‌కు అలాంటి తోడు లేదు. ముందు వరసలో కాపు కాసే ఐదుగురిలో నలుగురు కొత్తవాళ్లే. ఫ్లోరిడా మీద ఓడిన రోజు అతను నిలబడి చూసుకునే తీరికే దొరకలేదు.

అయినా నా ఓటు విన్స్‌కే. ఎందుకో చెప్తాను.

ఆట చేజారిపోతున్నప్పుడు అతను మారిపోయేవాడు. 2004లోనే, ఇంకా చెయ్యి కుదరని రోజుల్లోనే, ఓక్లహోమా స్టేట్ మీద 35-7తో వెనకబడిన జట్టును 56-35తో గెలిపించాడు. తర్వాతి వారం కాన్సస్‌లో ఓటమి ఖాయమైపోయింది. నాలుగో అవకాశం, 18 గజాలు కావాలి. విసరడానికి ఎవరూ దొరకలేదు. తనే పరుగెత్తి ఆ దూరం దాటేశాడు. కాసేపటికి గెలిపించే పాస్ కూడా తనే విసిరాడు. ఆర్చ్ మూడో ఏడాదిలో మంచి మ్యాచ్‌లు చాలా ఉన్నాయి. కానీ టెక్సాస్ ఓడిన మూడు మ్యాచ్‌ల్లో ఏ ఒక్కదాన్నీ చివర్లో వెనక్కి లాగలేకపోయాడు.

ఆ తర్వాత 2006 జనవరి 4. ఆస్టిన్‌లో ఫార్ వెస్ట్ దగ్గర మా అపార్ట్‌మెంట్లో ఐదుగురం, ఒక పాత టీవీ. అప్పటికి 34 మ్యాచ్‌లు వరసగా గెలిచిన యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) మీద జాతీయ టైటిల్ మ్యాచ్. ఆరు నిమిషాల 42 సెకన్లు మిగిలి ఉండగా టెక్సాస్ 38-26తో వెనకబడింది. మాలో ఒకడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు, చూడలేనని. విన్స్ ఒక టచ్‌డౌన్ చేశాడు. మన డిఫెన్స్ నాలుగో అవకాశంలో వాళ్లను ఆపింది. బంతి మళ్లీ విన్స్ చేతికి. 56 గజాలు దాటాలి. చివరికి మిగిలింది నాలుగో అవకాశం, ఐదు గజాలు, గీతకు 8 గజాల దూరం. విసరడానికి చూశాడు, ఎవరూ ఖాళీగా లేరు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. కుడి మూలకు పరుగెత్తి, ఎవరి చెయ్యీ తగలకుండా గీత దాటాడు. 19 సెకన్లు మిగిలాయి. 41-38. ఆ రాత్రి అతను విసిరింది 267 గజాలు, పరుగెత్తింది 200.

వంటింట్లోకి వెళ్లినవాడు మా కేకలకు గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత అందరం గ్వాడలూప్ వీధికి వెళ్లాం. యూనివర్సిటీ టవర్ మొత్తం నారింజ రంగులో వెలుగుతోంది, కిటికీల దీపాలతో 1 అంకె. మేం వరంగల్ నుంచి, గుంటూరు నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. ఇది మా ఊరే అని నాకు మొదటిసారి అనిపించింది ఆ వీధిలోనే.

విన్స్ ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు, తర్వాత ఆ వెలుగు నిలవలేదు. ఆర్చ్ అక్కడ అంతకంటే ఎక్కువకాలం ఆడతాడని నా నమ్మకం, అతని చెయ్యి అక్కడి ఆటకు పనికొచ్చే చెయ్యి. సీజన్ మొత్తం నడిపించడానికి, తప్పులు తక్కువ చేసేవాడు కావాలంటే ఆర్చ్‌నే తీసుకోండి. ఒక్క మ్యాచ్, ఒక్క చివరి అవకాశం ఎవరి చేతిలో పెట్టాలి అంటే నేను విన్స్ తప్ప ఇంకొకరి పేరు చెప్పలేను.

మా అబ్బాయికి ఇదంతా చెప్పాను. "అయితే నాలుగో ఏడాది చూశాక మాట్లాడు" అన్నాడు. న్యాయమైన మాటే. విన్స్ నాలుగో ఏడాది రెండో మ్యాచ్‌లోనే కొలంబస్ వెళ్లి ఒహాయో స్టేట్‌ను 25-22తో గెలిచాడు. ఆర్చ్ నాలుగో ఏడాదిలో ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కు వస్తోంది, ఈ సెప్టెంబర్ 12న. టికెట్ల కోసం ఇప్పటినుంచే చూస్తున్నాం. ఆ రోజు నేను గజాలు లెక్కపెట్టను. మూడో అవకాశంలో ముందు వరస విరిగిపోయి, విసరడానికి ఎవరూ దొరకనప్పుడు, ఆర్చ్ ఎంత త్వరగా తేల్చుకుని కాళ్లకు పని చెప్తాడో చూస్తాను. ఏ అండ్ ఎం మీద, మిషిగన్ మీద త్వరగానే తేల్చుకున్నాడు.